పడిపోతే ఇంటికే

"పడిపోతే మళ్ళీ ఇంటికే వస్తదా?" అని అడిగింది అమ్మ.

మే నెల మధ్యాహ్నం. పాల్వంచలో, నాన్న రిటైరయ్యాక కట్టుకున్న రెండు గదుల ఇల్లు. కూలర్ ముందు చాప మీద బోర్లా పడుకుని మా అక్క కూతురు వీడియో గేమ్ ఆడుతోంది. పక్కన కూచుని చింతపండు గింజలు తీస్తున్న అమ్మ చాలాసేపటి నుంచి ఆ చిన్న తెరనే చూస్తోందని నేను గమనించలేదు.

"ఇంటికే వస్తది అమ్మమ్మా. చేతిలో డబ్బులు పోతయి, సంచిలో సామాన్లు పోతయి. అంతే."

"ఎవరూ ఏమీ అనరా?"

"ఎవరంటారు?" అంది పిల్ల, తలెత్తకుండానే.

అమ్మ ఇంకేమీ అడగలేదు. గింజలు తీయడం మాత్రం ఆపేసింది. ఆ మౌనం ఎందుకో నాకు తెలుసు. దాని సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆట గురించి చెప్పాలి.

ఆట పేరు 'పోకెమాన్ మిస్టరీ డంజన్: రెస్క్యూ టీమ్ డీఎక్స్'. 2005లో జపాన్‌లో వచ్చిన ఆటకు 2020లో నింటెండో స్విచ్ కోసం కొత్త రూపం ఇచ్చారు. బొమ్మలన్నీ నీటిరంగులు వేసినట్టు ముద్దుగా ఉంటాయి. మొదట మన స్వభావం గురించి కొన్ని ప్రశ్నలు అడిగి, ఆ జవాబులను బట్టి మనల్ని ఏదో ఒక చిన్న జంతువుగా మారుస్తుంది. ఒక స్నేహితుడు దొరుకుతాడు. ఇద్దరూ కలిసి ఆపదలో ఉన్నవాళ్ళను కాపాడే బృందంగా ఏర్పడతారు. ఇక అడవుల్లోకీ, గుహల్లోకీ, ఒక అంతస్తు తర్వాత మరో అంతస్తులోకీ వెళ్ళడమే పని. వెళ్ళిన ప్రతిసారీ దారులు మారిపోతాయి. నడిచిన కొద్దీ ఆకలి వేస్తుంది, ఆపిల్ పండు తినాలి. ఎటు వెళ్ళాలో తోచకపోతే ఒక మీట నొక్కితే చాలు, దానంతటదే నడుస్తుంది. ఆటలు తెలిసినవాళ్ళు దీన్ని మొదటిసారి దిగేవాళ్ళ ఆట అంటారు. ఆ మాటలో కొంచెం చులకన కూడా ఉంటుంది.

మొట్టమొదటి కథ ఇది. నేల బీటలు వారి ఒక సీతాకోకచిలుక బిడ్డ అడవిలో పడిపోతుంది. తల్లి లోపలికి వెళ్ళబోతే అక్కడివాళ్ళు మీదపడి కొట్టారు. బయట నిలబడి, ఎవరైనా వెళ్ళి తీసుకురండని వేడుకుంటుంది.

అమ్మ చూపు నిలిచిపోయింది అక్కడే అనుకుంటాను. బయట నిలబడి ఎదురుచూడడం అమ్మ ముప్పై ఏళ్ళు చేసిన పని. నాన్న బొగ్గుబాయిలో చేసేవాడు. షిఫ్టు దిగేటప్పుడు టిఫిన్ డబ్బా, క్యాప్ ల్యాంపు. ఎక్కేటప్పుడు కళ్ళూ పళ్ళూ తప్ప అంతా నలుపు. వేళకాని వేళ సైరన్ మోగితే కాలనీలో ఆడవాళ్ళందరూ గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళు. లోపల ఎలా ఉంటుందో అమ్మకు తెలియదు. నాన్న చెప్పేవాడు కాదు. "చీకటే. ఏముంటది?" అనేవాడు.

అమ్మకు తెలియకపోవడం యాదృచ్ఛికం కాదు, చట్టం. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ స్త్రీలకు భూగర్భంలో పని నిషేధించింది. భూమి పైన కూడా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు వరకే అంది. అంతకుముందు ఆడవాళ్ళు గనుల్లోకి దిగలేదనుకుంటే పొరపాటు. బ్రిటిష్ ఇండియా బొగ్గుగనుల్లో భర్త తవ్వితే భార్య తట్టలతో మోసేది. 1929 నిబంధనలతో వాళ్ళను క్రమంగా పైకి పంపారు. యుద్ధానికి బొగ్గు కావలసివచ్చి 1943లో మళ్ళీ దిగనిచ్చారు. అవసరం తీరాక 1946లో మళ్ళీ ఆపారు. 2019లో గానీ, అదీ సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల్లో, పగటిపూట, రాతపూర్వక అంగీకారంతో దిగడానికి అనుమతి రాలేదు. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు కనుక్కున్నాడనీ, 1889లో తవ్వకం మొదలైందనీ మా బడిలో బట్టీ పట్టించారు. ఎవరు దిగవచ్చు, ఎవరు దిగకూడదు అన్న చరిత్రను మాత్రం ఎవరూ చెప్పలేదు.

బాయి కనబడకపోయినా నా చిన్నతనం నిండా గుహలే. కాలనీ లైబ్రరీలో పాత చందమామల బైండు పుస్తకాలుండేవి. దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ పాతాళదుర్గం, రాకాసి లోయ, శిథిలాలయం, వాటికి చిత్రా వేసిన బొమ్మలు. కాగడా పట్టుకుని మెట్లు దిగే యువకుడిలో నన్ను నేను చూసుకునేదాన్ని. ఆ యువకుడు నేను కాలేనని అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1951 నాటి 'పాతాళ భైరవి'లో తోటరాముడు గుహలోకి దిగేది రాజకుమారిని పొందడానికే. బాలనాగమ్మ కథలో బాలనాగమ్మను మాయల మరాఠీ ఎత్తుకుపోతే, కొడుకు పెరిగి పెద్దవాడై వచ్చి విడిపించాలి. మన కథల్లో గుహలోకి దిగడానికి ఆడది కారణం. దిగే మనిషి మాత్రం కాదు.

డాక్టరేట్ కోసం నేను రాసింది ఈ ఎత్తుకుపోబడిన స్త్రీల గురించే. నోములో ఉన్నానని చెప్పి బాలనాగమ్మ ఏళ్ళ తరబడి మరాఠీని దూరంగా ఉంచుతుంది కదా. ఆ నిరీక్షణ బలహీనత కాదు, ఒక వ్యూహం అని ఒక అధ్యాయమంతా వాదించాను. ఆ అధ్యాయాన్ని అందరూ మెచ్చుకున్నారు.

ఈ డంజన్ ఆటల పుట్టుక వెతుకుతూ పోతే నాకు ఒక స్త్రీ ఎదురైంది. పేరు పెట్రీషియా క్రౌథర్. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని మామత్ కేవ్, దాని పక్కనున్న ఫ్లింట్ రిడ్జ్ గుహలు లోపల ఎక్కడో కలుస్తాయని ఎన్నో ఏళ్ళుగా వెతుకుతున్నారు. 1972 వేసవిలో, ఒక ఇరుకు సందులోంచి ఆమె పాక్కుంటూ వెళ్ళింది. సెప్టెంబర్ 9న ఆరుగురి బృందం ఆ దారినే వెళ్ళి రెండు గుహలూ ఒకటేనని తేల్చింది. అందులో ఆమె ఒక్కతే స్త్రీ. రెండూ కలిపితే అప్పటికి 144 మైళ్ళ పైచిలుకు. ఆమె, ఆమె భర్త విల్ క్రౌథర్ గుహల కొలతలను ఇంట్లోని టెలిటైప్ మీద కంప్యూటర్‌కు ఎక్కించి పటాలు గీయించేవారు.

తర్వాత వాళ్ళు విడిపోయారు. గుహలకు దూరమైన విల్, తన దగ్గరికి వచ్చే ఇద్దరు కూతుళ్ళ కోసం 1975, 76 ప్రాంతంలో ఒక ఆట రాశాడు. కంప్యూటర్ తెలియనివాళ్ళు కూడా మామూలు మాటల్లో ఆదేశాలిస్తూ గుహలో తిరగవచ్చు. అదే 'కొలాసల్ కేవ్ అడ్వెంచర్'. అలాంటి ఆటలు ఇష్టపడిన కుర్రాళ్ళు, ప్రతిసారీ దారులు మారిపోయేలా 1980లో 'రోగ్' చేశారు. దాని నమూనాలో 1993లో జపాన్‌లో మిస్టరీ డంజన్ ఆటలు మొదలయ్యాయి. వాటి మనవరాలే మా పిల్ల చేతిలో ఉన్నది. ఈ వంశవృక్షం రాసేవాళ్ళు విల్‌తో మొదలుపెడతారు. ఇరుకు సందులో పాకిన మనిషి పేరు, వస్తే, భార్యగా వస్తుంది. ఆమె గుహలోకి దిగింది ఎవరి కోసమో కాదు. దిగాలనిపించి దిగింది.

మొదటిసారి దిగేవాళ్ళ ఆట మొదలైంది ఇద్దరు ఆడపిల్లల కోసం అన్న సంగతి నాకు నచ్చింది. వాళ్ళమ్మానాన్నల పెళ్ళి నిలవకపోవడం ఆ కథలో భాగమే అయినా, దాన్ని ఎవరూ విషాదంగా చెప్పకపోవడం ఇంకా నచ్చింది.

ఆ వారంలోనే పిల్ల అడిగిందని భద్రాచలం వెళ్ళి, అక్కడి నుంచి పర్ణశాల వెళ్ళాం. దుమ్ముగూడెం దారిలో తునికాకు మోపులు నెత్తిన పెట్టుకుని కోయ స్త్రీలు వరసగా నడుస్తున్నారు. "పిన్నీ, ఇది డంజన్ లెక్కనే ఉంది" అంది పిల్ల. "వాళ్ళకిది ఊరు" అన్నాను. కాసేపాగి, "ఆటలో కూడా లోపలున్నోళ్ళకు అది ఇల్లే కదా. మనమే పోతున్నం" అంది. నేను ఆశ్చర్యపోయాను.

పర్ణశాలలో సీత చీరలారేసిన బండలు చూపిస్తారు. బంగారు లేడి, సన్యాసి వేషంలో రావణుడు, లక్ష్మణుడు గీసిన గీత, అన్నీ అక్కడే జరిగాయని స్థానికుల నమ్మకం. అమ్మ దండం పెట్టుకుంది. పిల్ల ఆ గీత గురించి విని, "దాటితే ఏమైంది?" అంది. చెప్పాను. "గెలిచి తీసుకొచ్చిన్రు గదా. మరి మళ్ళీ అడవికెందుకు పంపిన్రు?" అంది. అమ్మ దండం పెట్టిన చేతులు కిందికి దించి, "ఎండెక్కుతోంది, పోదాం పదండి" అంది.

ఇప్పుడు అమ్మ మౌనం సంగతి.

పదేళ్ళ కిందట మా అక్క రెండేళ్ళ ఈ పిల్లను చంకనేసుకుని, ఒక సంచితో అమ్మ దగ్గరికి వచ్చింది. ఉండలేనంది. ఎందుకో చెప్పింది. నాలుగు రోజులుంచుకున్నారు. "నలుగురూ ఏమంటరే" అంది అమ్మ. అయిదోరోజు నాన్నే బస్సెక్కించి, తీసుకెళ్ళి దింపి వచ్చాడు. ఆ నాలుగు రోజుల్లో అక్క నాకు ఫోన్ చేసింది. నేను హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నాను. థీసిస్ సమర్పించడానికి రెండు నెలలుంది. "కొన్నాళ్ళు సర్దుకో అక్కా. నాది సబ్మిట్ అయిపోనీ, వచ్చి మాట్లాడతా" అన్నాను. బాలనాగమ్మ నిరీక్షణ గురించిన అధ్యాయం అప్పటికే టైపయిపోయి నా బల్ల మీద ఉంది.

రెండేళ్ళ తర్వాత అక్క మళ్ళీ వచ్చింది. ఈసారి సంచి కూడా లేదు. ఎడమచెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. ఇప్పటికీ లేవదు. ఖమ్మంలో ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతూ, బోర్డు మీద పైవరస దాకా రాయాల్సి వస్తే కుర్చీ ఎక్కుతుంది.

ఈ విషయం అమ్మా నేనూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. నాన్న మాట్లాడకుండానే పోయాడు.

పర్ణశాల నుంచి వచ్చిన రాత్రి అమ్మ మనవరాలిని, "ఏదీ, నాకూ చూపియ్యవే" అంది. పిల్ల మొదటి నుంచి పెట్టి ఇచ్చింది. ప్రశ్నలన్నీ చదివి వినిపించింది. అమ్మ ప్రతిదానికీ గట్టిగా ఆలోచించి జవాబు చెప్పింది. అరవై ఏళ్ళు దాటిన మనిషిని, నీ స్వభావమేమిటని ఎవరైనా అడగడం బహుశా అదే మొదటిసారి. సీతాకోకచిలుక బిడ్డను వెతుక్కుంటూ అడవిలోకి దిగింది. వేళ్ళు తడబడ్డాయి. ఆపిల్ తినబోయి దాన్ని విసిరేసింది. మీట నొక్కితే దానంతటదే నడుస్తుందని పిల్ల చెబితే, "వద్దు, నేనే నడుస్తా" అంది. రెండో అంతస్తులో పడిపోయింది. తెర నల్లబడి, మళ్ళీ వెలుగొచ్చింది. అమ్మ కాసేపు కదలకుండా చూసింది, ఎవరైనా ఏమైనా అంటారేమోనన్నట్టు. తర్వాత, "మళ్ళా పోదాం" అంది.

ఆదివారం అక్క వచ్చింది. ఇదంతా అక్కతో చెప్పాను. చెబుతూ చెబుతూ నా వ్యాసం సంగతీ చెప్పాను. పడిపోయినవాళ్ళకు తిరిగి రావడానికి ఒక ఇల్లుండాలి, ఆటలో ఉన్న ఆ నియమం మన ఇళ్ళల్లో లేకపోయింది, అదే రాద్దామనుకుంటున్నాను అన్నాను. క్షమించమని అడగడానికి అది నాకు తెలిసిన పద్ధతి కాబోలు.

అక్క అన్నం కలుపుతూ వింది. "బానే ఉంది. కానీ నేను పడిపోయి రాలేదే. నడిచి వచ్చిన. నువ్వూ అమ్మా పడిపోయిననుకున్నరు. నువ్వింకా అట్లనే రాస్తున్నవు" అంది. కోపం లేకుండానే అంది.

నాకు మాట రాలేదు. అమ్మ కంచంలోకి చూస్తోంది.

"అవును పిన్నీ" అంది పిల్ల. "పడిపోవుడు వేరు, బయటికొచ్చుడు వేరు. బయటికి రానీకి ఒక గోళీ ఉంటది, ఎస్కేప్ ఆర్బ్. అది వాడితే సంచి కూడా పోదు."

"అది ఎక్కడ దొరుకుతదే?" అని అడిగింది అమ్మ.

"కొట్లో కొనుక్కోవచ్చు అమ్మమ్మా. లోపలికి పోకముందే కొని పెట్టుకోవాలె."

అమ్మ లేచి వెళ్ళి అక్క కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. అక్క చాలనలేదు.