తొడుగు వేసుకున్న చేత్తో అరుణాచలం

కుడి రొమ్ముకి ఆపరేషన్ చేసినప్పుడు చంకలోని లింఫు గ్రంథులు కూడా తీసేశారు. తర్వాత రేడియేషన్. చేతిలోంచి వెనక్కి మళ్లాల్సిన ద్రవానికి దారులు తగ్గిపోయాయి కాబట్టి చెయ్యి వాస్తుంది. పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి బరువెక్కుతుంది. నొప్పి సంగతి వేరు. చంక నుంచి మోచేతి దాకా లోపలివైపు ఒకచోట మొద్దుబారి ఉంటుంది, ఇంకోచోట కరెంటు తగిలినట్టు జివ్వుమంటుంది. ఆపరేషన్‌లో అక్కడి నరం దెబ్బతింటే అలాగే ఉంటుందట.

వేలూరులో చెకప్ అయ్యాక ప్రదక్షిణ మొక్కు తీర్చుకోవడానికి అరుణాచలం వెళ్లొస్తానంటే ఫిజియోథెరపిస్టు వద్దనలేదు. నడక మంచిదేనన్నారు. చెయ్యి అదేపనిగా వేలాడదీసి నడవకూడదు, బరువు మొయ్యకూడదు, ఎండెక్కేలోపు ముగించాలి, వాపు పెరగకుండా చేతికి వేసుకునే బిగుతు తొడుగు తియ్యకూడదు. చెల్లెలు ఇవన్నీ నాకంటే బాగా గుర్తుపెట్టుకుంది. కారులో నన్ను ఎడమవైపే కూర్చోబెట్టింది, కుడివైపు కూర్చుంటే సీటుబెల్టు కుడి భుజం మీద ఒరుసుకుంటుందని. చెయ్యి కింద దిండు పెట్టింది.

ఆ సాయంత్రం రమణాశ్రమానికి వెళ్లాం. రమణ భగవాన్ గురించి సూరి నాగమ్మగారు రాసిన లేఖలు చదివినదాన్ని కాబట్టి ఆ చోటు కొత్తగా అనిపించలేదు. భగవాన్‌కి 1948 చివర్లో ఎడమ చేతికి కణితి లేచింది. నాలుగుసార్లు కోశారు, మళ్లీ మళ్లీ వచ్చింది. చెయ్యి తీసేస్తామంటే ఆయన ఒప్పుకోలేదు. 1950 ఏప్రిల్ 14న దేహం వదిలారు. ఆయన చివరి రోజులు గడిపిన చిన్న గది ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆయనకి దేహం మీద ధ్యాస లేదు. నాకుంది, ఉండాలి కూడా. నొప్పిని పళ్లబిగువున భరించడమే భక్తి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రాత్రి వేసుకోవాల్సిన మాత్ర వేసుకునే పడుకున్నాను.

కొండ చుట్టూ ప్రదక్షిణకి పౌర్ణమి కాని రోజునే కావాలని ఎంచుకున్నాం. పౌర్ణమినాటి తోపులాటలో ఎవరి మోచెయ్యి తగిలినా ప్రాణం పోయినంత పనవుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి గుడి రాజగోపురం దగ్గర్నుంచి బయలుదేరాం. మొత్తం ప్రదక్షిణ 14 కిలోమీటర్లు. దారిలో ఎనిమిది దిక్కులకీ ఎనిమిది లింగాలుండటం నాకెంత మేలు చేసిందో! ఇంద్ర, అగ్ని, యమ, నైరుతి, ప్రతి లింగం దగ్గరా దణ్ణం పెట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. చెయ్యి గుండెకంటే పైకెత్తి పిడికిలి మూస్తూ తెరుస్తూ, భుజాలు తిప్పుతూ, పొట్టనిండా గాలి పీల్చి వదిలేదాన్ని. ఆపరేషన్ కొత్తలో చంకలో తీగ లాగినట్టుండి చెయ్యి భుజం దాటి లేచేది కాదు. గోడ మీద వేళ్లు పాకిస్తూ రోజూ ఒక్కో అంగుళం సంపాదించుకున్నాను. అగ్నిలింగం ముందు రెండు చేతులూ తలపైకి చేర్చి నమస్కరించినప్పుడు మా చెల్లెలు ఏడ్చేసింది.

ఆది అన్నామలై గుడి దగ్గరికొచ్చేసరికి పొద్దు పొడిచింది. ముంజేతి వెనకభాగం ఉబ్బింది, వేళ్లు బిగుసుకున్నాయి. "ఆటో పిలువు" అన్నాను. "సగం పైనే అయిందక్కా, మెల్లగా పోదామా?" అంది గానీ నా చెయ్యి చూసి మరి మాట్లాడలేదు. మిగతా లింగాలన్నీ ఆటోలోనే చూశాం. నా మొక్కు తీరిందనే అనుకున్నాను.

టీ కోసం ఆగినచోట అనంతపురం వైపు పెద్దావిడ నా తొడుగు చూసి పక్కన కూర్చుంది. తనకీ అదే ఆపరేషన్. పైట కింద దాచుకున్న చెయ్యి నా చేతికంటే బాగా వాచి ఉంది. "వాతమనుకున్నా తల్లీ, ఎవరితో చెప్పుకునేది?" అంది. తొడుగు గురించి, మర్దన గురించి తెలిసినంతా చెప్పాను. ఊరెళ్లగానే డాక్టరుకి చూపిస్తానని మాటిచ్చింది.

గదికొచ్చాక తొడుగు తీసి, చల్లటి నీళ్లతో కడిగి, తడి ఒత్తి, క్రీము రాశాం. చెల్లెలు నేర్చుకున్న పద్ధతిలో చర్మం మాత్రమే కదిలేంత మెత్తగా పైకి నిమిరింది. చెయ్యి దిండ్ల మీద పెట్టుకుని పడుకుంటే మర్నాటికి వాపు దిగింది.

ఈ ఆపరేషన్ అయిన అక్కచెల్లెళ్లకి నా మనవి. గాజులు బిగుతైనా, చెయ్యి బరువనిపించినా దాచుకోకండి. వాపు మొదట్లోనే పట్టుకుంటే అదుపులో ఉంటుంది. బీపీ, సూదులు రెండో చేతికే చేయించుకోండి. చెయ్యి ఎర్రబడి వేడెక్కి జ్వరమొస్తే మర్నాటిదాకా ఆగొద్దు, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి.