పాటకొక పీట

పీట అనగానే మీకు భోజనమో, పెళ్ళో గుర్తుకొస్తుంది. పోయిన శ్రావణంలో మా ఇంట్లో నేనొక పీట వేయించాను. దానిమీద మనుషులెవరూ కూర్చోరు, పాట కూర్చుంటుంది. నవ్వకండి. ఆ పీటకోసం నేను పడిన పాట్లు, అంతకంటే ముందు పడిన సిగ్గు, మీతో చెప్పుకోవాలనిపించింది.

మాది రాజమహేంద్రవరంలో తాతగారినాటి మేడ. పై హాలుకు టేకు దూలాలమీద చెక్కపలకల నేల. గోదావరి గాలి వస్తుందని రికార్డు ప్లేయరును అక్కడే ఒక బల్లమీద పెట్టాను. వేసేవన్నీ మా అమ్మ పోగుచేసిన ఎల్.పి. రికార్డులు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. దీపాలు పెట్టేవేళకు వాటిలో ఒకటి వేయడం మా ఇంట్లో ఆచారమైపోయింది.

నాన్నగారికి ఎనభై దాటాయి. చక్కెర వ్యాధి. రోజూ అరగంట నడవమన్నారు డాక్టరుగారు. వీధిలోకి వెళితే మోటారు సైకిళ్ళ భయం. అందుకని చేతికర్ర పట్టుకుని, రికార్డు వింటూ, ఆ హాల్లోనే ఈ గోడనుంచి ఆ గోడకు నడిచేవారు. ఆయన బల్ల దగ్గరకు వచ్చినప్పుడల్లా ముల్లు ఎగిరిపడేది. పల్లవిలో ఉన్న పాట చరణంలోకి దూకేది.

ఒకనాడు నాకు ఓర్పు చచ్చింది. “కాస్త కూర్చుని వినరాదూ నాన్నగారూ! రికార్డు పాడైపోతోంది” అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా వెళ్ళి వాలుకుర్చీలో కూర్చున్నారు. పాట హాయిగా సాగింది. నేనేదో ఘనకార్యం చేసినట్టే అనుకున్నాను.

మూడు వారాల తరువాత పరీక్ష చేయిస్తే చక్కెర పెరిగింది. “నడవటం లేదా?” అని డాక్టరుగారు అడిగితే, “వానలు కదండీ” అన్నారు నాన్నగారు. హాల్లో వానేమిటి? ఇంటికొచ్చాక మా ఆవిడ అంది: “ఏమండీ, మీరన్న నాటినుంచీ మామయ్యగారు నడక మానేశారు. మీకు పాట వినబడింది గాని, అడుగులు ఆగిపోవటం వినబడలేదు.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారినుంచీ పీట వేటలో పడ్డాను.

నిజానికి తప్పు ముల్లుదీ కాదు, నాన్నగారిదీ కాదు. ఎల్.పి. రికార్డుమీద గాడి తలవెంట్రుకంత సన్నం. మెల్లని స్వరాలకు అందులో ముల్లు కదిలే దూరం మిల్లీమీటరులో వెయ్యోవంతుకన్నా తక్కువ. దానిపై బరువు సుమారు రెండు గ్రాములు. అంత సుకుమారమైన వ్యవహారం కింద నేల ఊగితే, ఏది పాటో ఏది అడుగో ముల్లుకేం తెలుస్తుంది?

మొదట మెత్తని స్పాంజి వేశాను. ప్లేయరు గోదావరిలో పడవలా ఊగింది. తరువాత ఒక దుకాణంలో నల్లటి పీట చూపించారు. “ఇది వేస్తే ఏనుగు నడిచినా తెలియదండీ” అన్నాడు దుకాణదారు. ధర వింటే ఆ ఏనుగునే కొనవచ్చుననిపించింది. ఊరుకుని కడప రాయి పలక కోయించి, కింద రబ్బరు ముక్కలు వేశాను. స్పీకర్ల రొద చాలావరకు తగ్గింది. అడుగుల అదురు మాత్రం తగ్గలేదు.

కారణం మా వీధి చివర ఉన్న విశ్రాంత ఇంజనీరుగారు చెప్పారు. “రబ్బరైనా స్ప్రింగైనా ప్రతిదానికీ తనదైన ఊపు ఒకటుంటుందండీ. ఆ ఊపుకు సుమారు ఒకటిన్నర రెట్లు దాటి వేగంగా వచ్చే అదురునే అది మింగుతుంది. దగ్గరగా వచ్చేదాన్ని మింగకపోగా పెంచుతుంది. బరువుకు స్ప్రింగు ఒక సెంటీమీటరు కుంగితే ఊపు సెకనుకు 5. రెండున్నర సెంటీమీటర్లు కుంగితే 3. మనిషి అడుగులేమో సెకనుకు రెండు లోపు. ఊపును ఒకటికి దించాలంటే స్ప్రింగు పాతిక సెంటీమీటర్లు కుంగాలి. అది పీట కాదు, ఉయ్యాల!”

1961లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ గారు ఎ.ఆర్. ప్లేయరులో పళ్ళేన్నీ, ముల్లు పట్టే చేతినీ ఒకే చట్రానికి బిగించి, మూడు స్ప్రింగులపై నిలిపారట. గట్టి నేలమీద అది గొప్ప ఉపాయమే. ఊగే చెక్కనేలమీద మాత్రం స్ప్రింగు ప్లేయర్లే ముందు తడబడతాయి.

“మరేం చేయమంటారు?” అన్నాను.

“నేల ఊగుతుంటే నేలమీద పీటేమిటండీ? గోడకు వేయించండి.”

తాతగారి గోడ ఒకటిన్నర ఇటుక మందం. స్పీకర్లకు దూరంగా ఉన్న గోడ చూసి, మేస్త్రీ ఇనుప బ్రాకెట్లు బోల్టులతో బిగించాడు. పైన గట్టి చెక్కపలక, రసమట్టం పెట్టి సరిచూశాడు. దుకాణదారు చెప్పిన ధరలో పదోవంతు కాలేదు.

మీలో ఎవరైనా పీట కొనబోతుంటే ముందు ఈ పరీక్ష చేయండి. తిరగకుండా ఆగివున్న రికార్డుమీద ముల్లు ఆనించి, శబ్దం కాస్త పెంచండి. ఒకరిని నడవమనండి. తరువాత బల్లను వేలితో తట్టండి. అడుగులు వినబడితే గోడను ఆశ్రయించండి. సిమెంటు నేలై, తట్టు మాత్రమే వినబడితే గట్టి బల్ల, బరువైన రాయి, కింద రబ్బరు చాలవచ్చు.

ఆ సాయంత్రం అమ్మ రికార్డు వేసి, “నడవండి నాన్నగారూ” అన్నాను. ఆయన రెండడుగులు వేసి, అనుమానంగా ముల్లువైపు చూసి ఆగారు. అది కదలలేదు. “ఒరే అబ్బాయ్, ఇది మీ అమ్మకంటే ఓపికైందిరా” అంటూ చేతికర్ర టకటకలాడించుకుంటూ సాగిపోయారు.

ఇప్పుడు ఆయన అడుగులు పాటలో పడటం లేదు; పాట పక్కన వినబడుతున్నాయి. ఆ చప్పుడు కూడా తీసేసే పీట ఎక్కడైనా ఉంటే ఉండనివ్వండి. ఊరికే ఇచ్చినా నాకక్కర్లేదు.