నీలకంఠ రొయ్య

నీరున్న చోటనెల్ల జలచరములు సుఖముగా నుండునని మనము తలంతుము. గోదావరి పాయ ఒడ్డున చిరకాలము ఉపాధ్యాయుడనుగా నుండుటచే, ఆ తలంపు ఎంతవరకు నిజమో నీలకంఠ రొయ్య వలన తెలిసికొంటిని.

ఇది మంచినీటి రొయ్య. మగది అడుగు పొడవు వరకు పెరుగును. దాని పొడవైన పట్టుకాళ్లు నీలవర్ణముతో మెరయుచుండును. పగలు రాళ్ల సందులలోను, చెట్ల వేళ్ల చాటునను దాగియుండి, రాత్రి ఆహారమునకై బయలుదేరును. శరీరము పెరిగినను పెంకు పెరుగదు. కావున పాత పెంకును విడిచి క్రొత్తదానిని ధరింపవలెను. అది గట్టిపడువరకు రొయ్య కవచము లేని భటుని వంటిది. అప్పుడు తోటి రొయ్యలే దానిని తినివేయును. దాగుటకు చోటు లేని ఏరు ఎంత నిండుగా పారినను దానికి ఇల్లు కాజాలదు.

తల్లిరొయ్య పొట్టక్రింద గుడ్లను సుమారు మూడు వారములు మోయుచు, నదీముఖము వైపు దిగిపోవును. ఏల? 1961లో మలయా దేశమున షావొ వెన్ లింగ్ అను శాస్త్రజ్ఞుడు ఈ రహస్యమును కనుగొనెను. గుడ్ల నుండి వెలువడిన పిల్లలకు కొంత ఉప్పునీరు కావలెను; మంచినీటిలోనే యున్నచో కొలదిదినములలో మరణించును. సముద్రజలములో మూడవవంతు ఉప్పదనము వానికి చాలును. అచ్చట పదునొకండు దశలు గడచి, రొయ్య రూపము దాల్చి, ఏటికి ఎదురుగా ప్రాకుచు మరల మంచినీటికి చేరును.

ఒకనాడు రేవులో ఒక ముసలి జాలరి, వలలో పడిన గుడ్ల రొయ్యను నీటిలో విడిచెను. మంచి ధర పలుకుదానిని ఏల విడిచితివని అడిగితిని. “గుడ్ల తల్లిని చంపేస్తే మా మనవలు వల ఎందుకు పట్టాలండీ, మేష్టారూ?” అని ఆతడు నవ్వెను.

జాలరి విడిచినంత మాత్రమున చాలదు, దారియు ఉండవలెను. ధవళేశ్వరమున 1852లో పూర్తియైన ఆర్థర్ కాటన్ దొర ఆనకట్ట, దాని స్థానమున నేడున్న బ్యారేజీ మన డెల్టాకు అన్నము పెట్టినవి. ఆ మేలు మరువరానిది. అయినను నదికి అడ్డముగా లేచిన ప్రతి గోడయు ఎగువకు ప్రాకు పిల్లకు ఆటంకమే. జలచరములకై ప్రక్కగా మెట్లదారి విడుచుట మన చేతిలోని పని. ఏటిలో పురుగుమందు కలుపకుండుట అంతకంటె సులభము.

విద్యార్థులారా! ఒక ప్రాణిని కాపాడుటయనగా దానిని చంపకుండుట మాత్రమే కాదు. దాని దాగుచోటును, దాని దారిని దానికి మిగుల్చుట.