పద్దుల పుస్తకంలో లేని పేరు

మొన్న పండక్కి ఇల్లు దులుపుతూ అటక మీది రేకు పెట్టె కిందకి దించాను. అందులో పదమూడు పద్దుల పుస్తకాలు బయటపడ్డాయి. 2001లో మా పెళ్ళయిన నెల నుంచి 2013 డిసెంబరు 31 దాకా, ఇంట్లో ఖర్చయిన ప్రతి రూపాయీ నా చేతివ్రాతతో వాటిలో ఉంది. పాలు, పెరుగు, ఆటో, అగ్గిపెట్టె, ఏదీ వదల్లేదు. మీరు నవ్వుకోవచ్చు గానీ, ఒకప్పుడు నాకున్న ఏకైక గర్వకారణం ఆ పుస్తకాలే.

సంసారం పెరుగుతున్న రోజులవి. హైదరాబాదులో మెహదీపట్నం దాపున రెండు గదుల వాటాలో కాపురం పెట్టాం. అప్పుడు నా జీతం ఆరువేల అయిదు వందలు, అద్దె పద్దెనిమిది వందలు. 2003లో పెద్దమ్మాయి పుట్టింది, 2006లో చిన్నది. 2008లో నాన్న పోయాక అమ్మ తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చేసింది. ఇద్దరం అయిదుగురమయ్యాం. జీతం కూడా పెరిగింది గానీ, ఎప్పుడూ మనుషుల వెనకే నడిచింది, ముందు నడవలేదు. అందుకని చౌకగా కొనడం అనే విద్యను కష్టపడి నేర్చుకున్నాను.

ఆ విద్యకు మొదటి బడి రైతు బజారు. 1999లో ఈ బజార్లు మొదలయ్యాక మాబోటివాళ్ళకి పెద్ద ఆసరా దొరికింది. ఏ కూర కిలో ఎంతో బోర్డు మీద రాసి ఉండేది కనుక గీచి గీచి బేరమాడే పని తప్పింది. అయినా నాబోటివాడికి అక్కడా ఒక కిటుకు దొరికింది. పొద్దున్నే వెళ్తే లేత కూరలు, బోర్డు ధర. చీకటిపడే వేళకి వెళ్తే అదే సరుకు కుప్పలెక్క. చేవెళ్ళ వైపు నుంచి వచ్చిన రైతులు ఆఖరి బస్సు అందుకోవాలి, మిగిలిన టమాటాలు తిరిగి మోసుకుపోలేరు. "పోనీ సారూ, ఎంతో గంత ఇయ్యిరి" అనేవారు. సంచి నిండా తెచ్చి వంటింటి గుమ్మంలో దించినప్పుడు, యుద్ధం గెలిచి వచ్చినట్టుండేది నాకు.

తక్కిన విద్య అమ్మ నేర్పింది. కందిపప్పు కొత్త పంట వచ్చే రోజుల్లో కొనాలి. చింతపండూ ఎండుమిరపకాయలూ శివరాత్రి దాటాక, ఏడాదికి సరిపడా ఒకేసారి తీసుకుని, ఎండబెట్టి జాడీలకెత్తాలి. ఇందుకోసం బేగంబజారు దాకా వెళ్ళేవాళ్ళం. బేరం విషయంలో మాత్రం అమ్మది వేరే ధర్మం. "ధర కొయ్యకు నాయనా, కొసరు అడుగు" అనేది. ధర తగ్గిస్తే అమ్మేవాడి మనసు చివుక్కుమంటుందట, కొసరు వేస్తే ఇచ్చినవాడినన్న తృప్తి వాడికి మిగులుతుందట. నాలుగు మిరపకాయలు, కరివేపాకు రెబ్బ, కొత్తిమీర కట్ట అలా కొసరుగానే వచ్చేవి. నేను ఆ ధర్మం పాటించలేదు. తోపుడుబండి వాడి దగ్గరికి పొద్దున్నే బోణీ వేళకి వెళ్ళేవాణ్ణి. మొదటి బేరం చెడితే రోజంతా చెడుతుందని వాళ్ళ నమ్మకం కదా, ఆ నమ్మకాన్ని నా జేబులో వేసుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

బట్టలు ఆషాఢంలో కొనేవాళ్ళం. పెళ్ళిళ్ళు లేని నెల కనుక బట్టల కొట్లవాళ్ళు తామే ధర తగ్గించి పిలుస్తారు. చలికోట్లు మాత్రం నాంపల్లి ఎగ్జిబిషన్‌లో, అదీ ఆఖరి వారంలో. ఫిబ్రవరి నడిమికి డేరాలు ఎత్తేస్తారు గనుక ఉన్ని బట్టలు అప్పుడు దిగివస్తాయి. చలి వెళ్ళిపోయాక స్వెట్టర్ ఏమిటని పిల్లలడిగితే "వచ్చే ఏటికి" అనేవాణ్ణి. వచ్చే ఏటికి అది పొట్టయ్యేది, చిన్నదానికి వచ్చేది. పాఠ్యపుస్తకాలు కోఠీలో సగం ధరకి. పెద్దదానికి ఎవరో చదివిన పుస్తకం, చిన్నదానికి అక్క చదివిన పుస్తకం. ఇక పాతబట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడ వీధిలోకి వస్తే అమ్మకి పండగే. ఒకసారి నా పెళ్ళినాటి పంట్లాము ఇచ్చేసి చిన్న బేసిను తీసుకుంది. "నీకిక పట్టదులే నాయనా, దీనిలో అయితే పిండి పడుతుంది" అంది.

ఇంత చేసి మిగిల్చినది చీటీకి వెళ్ళేది. యాభై వేల చీటీ, ఇరవై అయిదుగురు సభ్యులు, నెలకి రెండు వేలు. పాటలో ఎవరైనా పదివేలు వదులుకుని నలభై వేలకి ఎత్తుకుంటే, ఆ పదివేలలో కంపెనీవారి కమీషను రెండు వేల అయిదు వందలు పోగా, మిగిలిన ఏడు వేల అయిదు వందలు అందరికీ మూడేసి వందలుగా పంచుతారు. ఆ నెల మనం కట్టేది పదిహేడు వందలే. అవసరం ఉన్నవాడి తొందరే అవసరం లేనివాడికి లాభం. నేను పంటి బిగువున ఆఖరిదాకా ఆగేవాణ్ణి. ఆ డబ్బుతోనే 2011లో అమ్మ కంటి శుక్లాలు తీయించాం, పిల్లల ఫీజులు కట్టాం. అందుకని పొదుపును వెక్కిరించే హక్కు నాకు లేదు. అది మమ్మల్ని ఒడ్డున పడేసిన మాట నిజం.

సరే, అసలు విషయానికి వస్తాను.

2014 సంక్రాంతి సెలవులు. పెద్దమ్మాయి అప్పుడు ఆరో తరగతి. బళ్ళో బార్ గ్రాఫులు గీసి తెమ్మన్నారట. మా చిన్నప్పుడు కమ్మీ రేఖాచిత్రం అనేవారు, అదే. ఇంట్లో దొరికే అంకెలతో గీయాలట. ఇంట్లో అంకెలకి ఏం కొదవ? ఎంతో మురిసిపోయి 2013 పద్దుల పుస్తకం చేతికిచ్చాను. కూరగాయలకింత, అద్దెకింత, పాలకింత అని గీస్తుందనుకున్నాను. అది వేరే దారి పట్టింది. అద్దె, పప్పు, ఉప్పు, కరెంటు, మందులు అందరివీ అని పక్కన పెట్టేసి, పేరు రాసి ఉన్న పద్దులన్నీ మనిషి వారీగా కూడింది. నాన్న, అక్క, చెల్లి, నానమ్మ, అమ్మ. అయిదు కమ్మీలు. ఒక గడికి వెయ్యి రూపాయలు కొలబద్ద.

సాయంత్రం గళ్ళ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"నాన్నా, అమ్మ కమ్మీ ఒక గడి కూడా రావడం లేదు. కొలబద్ద మార్చాలా?"

చూశాను. నా కమ్మీ ఇరవై ఒక్క గళ్ళు. స్కూటరు పెట్రోలు, బూట్లు, రెండు చొక్కాలు, క్షవరం, నెలనెలా నేను కొనే పత్రికలు, అన్నీ నా పద్దే. పిల్లల కమ్మీలు ఫీజులతో నా కమ్మీని దాటిపోయాయి. అమ్మది, పేరు పెట్టి రాసిన రక్తపోటు మాత్రలతో కలిపి, ఆరు గళ్ళు. మా ఆవిడది తొమ్మిది వందల పది రూపాయలు. ఆషాఢంలో కొన్న నేత చీర ఆరు వందల యాభై, చెప్పులు నూట ఎనభై, గాజులూ పిన్నులూ ఎనభై. సంవత్సరం మొత్తానికి అంతే.

"అమ్మకింకేం ఖర్చులు లేవా నాన్నా?"

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వింది. "నాకేం ఖర్చులుంటాయే, ఇంట్లో ఉండేదాన్ని."

అమ్మ జపమాల పక్కన పెట్టి, కాసేపు ఆ కాగితం వంక చూసి, "మీ నాన్న పుస్తకంలో నా పేరూ ఉండేది కాదురా" అంది. అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ రాత్రి ఆ పుస్తకం మొదటి నుంచీ మళ్ళీ చదివాను. ఈసారి రూపాయల కోసం కాదు. మందుల పద్దు కింద ఒక మాట నెలనెలా తగిలింది. అమృతాంజనం, ఇరవై రెండు రూపాయలు. లెక్కపెడితే ఏడాదిలో పదకొండు సీసాలు. పదకొండు సార్లూ రాసింది నేనే, నా చేతివ్రాతే. ఆ మందు ఎవరి తలకని ఒక్కసారైనా అడగలేదు. పేరు రాయలేదు కనుక అమ్మాయి కూడా దాన్ని అందరి ఖాతాలో వేసేసింది.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. సూదిలో దారం ఎక్కించడానికి చిన్నదాన్ని పిలవడం. బియ్యం పళ్ళెం పట్టుకుని కిటికీ దగ్గరికి జరగడం. కందిపప్పు పొట్లం మీద తేదీ చదవమని నాకివ్వడం. నేను చీకటివేళ తెచ్చిన చౌక టమాటాల్లో మంచివీ చెడ్డవీ వేరు చేస్తూ, గుడ్డి దీపం కింద ఒక్కొక్క కాయనీ కంటి దగ్గరకి తెచ్చుకుని తిప్పి చూడటం. ఆ కుప్పలో ప్రతిసారీ ముప్పాతిక కిలో పారేయవలసి వచ్చేదని ఆవిడ ఎన్నడూ నాతో అనలేదు. అంతకు ముందు ఏడాది ఒకసారి "కళ్ళు చూపించుకుంటే బావుండును" అన్నట్టు లీలగా జ్ఞాపకం. "చీటీ ఎత్తాక చూద్దాం" అన్నట్టు మాత్రం స్పష్టంగా జ్ఞాపకం.

ఆదివారం పోగానే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పరీక్ష చేసి, తలనొప్పికి కారణం చూపేనని, అద్దాలు వాడితే తగ్గుతుందని చెప్పాడాయన. ఇంత చిన్న విషయం. కళ్ళజోళ్ళ కొట్లో మా ఆవిడ చెయ్యి తిన్నగా అన్నిటికన్నా చౌక ఫ్రేము మీదికి వెళ్ళింది. నేను ఇంకొకటి తీసి ఇచ్చాను. వద్దంది. పదమూడేళ్ళ కాపురంలో మొదటిసారి, ఎక్కువ ధరదే తీసుకోవాలని నేనూ, తక్కువది చాలునని ఆవిడా బేరమాడుకున్నాం. చివరికి పద్నాలుగు వందల యాభై రూపాయలది తీసుకున్నాం. కొట్టువాడు చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చేశాను. బయటికి వచ్చాక "ఏవండీ, మీరలా అడక్కుండా ఇచ్చేస్తే నాకు భయమేసింది" అంది.

అద్దాలు వచ్చిన రోజు పెట్టుకుని బియ్యం పళ్ళెం ముందు కూర్చుంది. కాసేపు వేలితో కదిపి, తలెత్తి, "ఇన్నాళ్ళూ మీ అందరి చేత ఎన్ని రాళ్ళు తినిపించానో!" అంది. అందరం నవ్వాం. నాకు మాత్రం ఆ నవ్వు గొంతు దిగలేదు.

పొదుపు గురించి మనం మాట్లాడుకునేటప్పుడు ఎంత మిగిలిందనే చూస్తాం, ఎవరి దగ్గర మిగిలిందని చూడం. ఇంటికంతటికీ ఒకటే పొదుపు అనుకుంటాం గానీ, అది అందరి మీదా సమానంగా పడదు. ఎవరు అడగరో వాళ్ళ మీద ఎక్కువ పడుతుంది. మా ఇంట్లో మా ఆవిడ మీద పడింది, ఆ తర్వాత చిన్నదాని మీద. ఎనిమిదో తరగతి దాకా దానికి కొత్త పుస్తకం వాసన తెలియదు. ప్రతి పుస్తకం మీదా అక్క పేరు కొట్టేసి కింద తన పేరు రాసుకునేది. నేను గెలిచాననుకున్న బేరాలన్నిటికీ ఎవరో ఒకరు తేడా కట్టారు. ఆ తేడా రాసే గడి నా పుస్తకంలో లేదు.

ఆ ఏడాది నుంచి పద్దుల పుస్తకం మా ఆవిడ చేతికిచ్చాను. మనిషికొక గడి గీశాం. సంవత్సరం తిరిగేసరికి ఎవరి కమ్మీ అయినా మరీ పొట్టిగా ఉంటే ఎందుకని అడగాలనేది మా నియమం. కళ్ళు, పళ్ళు, కాళ్ళకి చెప్పులు, ఈ మూడిటి దగ్గరా వాయిదా వేయకూడదనేది ఇంకొకటి. తక్కినవన్నీ మామూలే. చింత చచ్చినా పులుపు చావదు కదా. ఆషాఢం వస్తే ఇప్పటికీ కాళ్ళు బట్టల కొట్టు వైపు లాగుతాయి. పొట్లాల మీద గ్రాము ఎంత పడుతుందో ఇప్పుడు అచ్చు వేస్తున్నారు గానీ, ఆ లెక్క నేను మళ్ళీ మనసులో వేసుకుంటాను. పెద్దమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ, ఫోనులోనే కూపన్లు వెతికి సరుకులు తెప్పించుకుంటుంది. ఆ రక్తం ఎక్కడికి పోతుంది? కాకపోతే ఏటా సంక్రాంతికి ఫోను చేసి, "అమ్మా, కళ్ళు చూపించుకున్నావా?" అని అడిగాకే పండగ శుభాకాంక్షలు చెబుతుంది.

పెట్టె మళ్ళీ అటక ఎక్కించేముందు పద్నాలుగో పుస్తకం కూడా తెరిచి చూశాను. మొదటి రెండు వారాలు నా చేతివ్రాత. ఆ తర్వాత గుండ్రటి అక్షరాలు, మా ఆవిడవి. ఆవిడ రాసిన మొదటి పద్దు ఇది: కళ్ళజోడు, నాకు, 1,450.

మీ ఇళ్ళల్లోనూ పద్దుల పుస్తకాలుంటే, ఈ సంక్రాంతికి ఒక్కసారి మనిషి వారీగా కూడి చూడండి.