అరకు సంతలో నా బేరం

అరకు వెళ్ళి వచ్చినవాళ్ళు మామూలుగా మూడు వస్తువులు తెస్తారు: కాఫీపొడి, తేనె, బొర్రా గుహల ముందు నిలబడి తీయించుకున్న ఫొటో. నేను వీటితో పాటు నాలుగోది కూడా తెచ్చేను. అది ఒక ఫోను ఛార్జరు. ఇప్పుడది నా బల్ల సొరుగులో, విరిగిన కళ్ళజోడు పక్కన పడి ఉంది. దాన్ని వాడను, ఎవరికీ ఇవ్వను, అలాగని పారెయ్యను కూడా. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్పుకుంటున్న నాకే అది ఒక పాఠం చెప్పింది మరి. ఆ పాఠానికి నేను చెల్లించిన ఫీజు 120 రూపాయలు.

జరిగిందేమంటే, కిందటి డిసెంబరులో మా కాలేజీకి నాలుగు రోజులు సెలవులు కలిసి వచ్చేయి. నా పాత శిష్యుడొకడు అరకు పైన కొండల్లో, ఒక చిన్న గూడెం బడిలో ఉపాధ్యాయుడుగా ఉన్నాడు. "ఒక్కసారి మా కొండలు చూద్దురు గాని రండి, మాస్టారూ" అని ఏటా ఉత్తరం రాసినట్టే ఫోను చేసి పిలుస్తాడు. ఈసారి వస్తానన్నాను. మా ఆవిడకి తీరిక లేకపోయింది. పులిహోర కట్టిచ్చి, "మందులు పెట్టుకున్నారా? శాలువా పెట్టుకున్నారా?" అని రెండుసార్లు అడిగింది. ఛార్జరు మాట ఆవిడ అడగలేదు, నాకూ తోచలేదు.

విశాఖపట్నంలో ఉదయం కిరండూల్ బండి ఎక్కేను. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఈ లైను వేసింది మనలాంటి వాళ్ళ షికార్ల కోసం కాదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి, అక్కణ్ణుంచి జపానుకు పంపడానికి 1960ల్లో వేశారు. ఇనుము దిగే దారినే మనుషులు ఎక్కుతున్నారు. శృంగవరపుకోట దాటిన దగ్గర్నుంచి కొండ మొదలవుతుంది. చీకటి, వెలుతురు, మళ్ళీ చీకటి. సొరంగాల లెక్క యాభై పైమాటే. ప్రతి సొరంగం బయటా ఒక లోయ, ఆ లోయలో ఒక పచ్చదనం, ఏ రెండూ ఒక్కలా ఉండవు. శిమిలిగుడ దగ్గర మనం సముద్రానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంటాం. కిటికీ పక్క చోటు దొరికిన ఉత్సాహంలో ప్రతి లోయనీ ఫొటో తీసేను. అరకులో దిగేసరికి నాకు ఆకలి, ఫోనుకు నీరసం. సంచీ అంతా కుమ్మరించి చూసేను. దగ్గుమందుంది, శాలువా ఉంది, సబ్బుపెట్టె ఉంది. ఛార్జరు లేదు.

అదృష్టవశాత్తూ ఆ వేళ సంత రోజు. అదృష్టమనే అప్పుడనుకున్నాను.

కొండసంతను చూడనివారికి నాలుగు మాటలు చెప్పాలి. తెల్లవారకుండానే గూడేల నుంచి మనుషులు బారులు తీరి దిగుతారు. కొందరు జీపుల్లో, చాలామంది కాలినడకన. తలమీద గంపలో పసుపు కొమ్ములు, అల్లం, చింతపండు, రాజ్‌మా, పిప్పళ్ళు, అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు. బగతలు, కొండదొరలు, కోటియాలు, గదబలు, పోర్జలు, వాల్మీకులు, కోదులు ఎవరి గూడెంలో వారు ఏ మాట మాట్లాడుకున్నా, సంతలో బేరం మాత్రం అందరిదీ ఆదివాసీ ఒరియాలోనో తెలుగులోనో. తెచ్చింది అమ్మి, ఉప్పు, నూనె, ఎండుచేప, రవికగుడ్డ కొనుక్కుని పొద్దు వాలకుండా తిరుగుముఖం పడతారు. సంత చుట్టూ పొలాల్లో వలిసెపూలు పసుపు ఆరబోసినట్టు పూసి ఉన్నాయి.

ఎండుచేపల వరసకీ గాజుల దుకాణానికీ మధ్య ఒక కుర్రవాడు నేలమీద బరకం పరిచి ఫోను సామాను కుప్ప పోసేడు. చెవిలో పెట్టుకునే వైర్లు, ఫోను తొడుగులు, టార్చిలైట్లు, ఛార్జర్లు. ఒకటి తీసి చూసేను. తెల్లగా, నున్నగా ఉంది. దేశమంతా ఎరిగిన కంపెనీ పేరు దానిమీద ఉంది. ఆ పేరు చాలుననుకున్నాను. కుర్రవాడు 250 చెప్పేడు. నేను 100 అన్నాను. 120కి తెగింది. ప్రబంధకవికి అగ్రహారం దొరికినంత గర్వంతో బసకు నడిచేను.

రాత్రి ఆ ఛార్జరు గోడకు గుచ్చేను. పిన్నులు సాకెట్టులో వదులుగా కదులుతూ, చిటచిటమన్నాయి. పావుగంటకి డబ్బా చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. మా ఆవిడకి "క్షేమంగా చేరేను" అని కొట్టబోతే, వేలు ఒకచోట పెడితే అక్షరం ఇంకొకచోట పడింది. తెర తనంతట తానే ఎగిరెగిరి పడుతోంది. ఫోను అంచుమీద లోహం తగిలిన చోట చీమ కుట్టినట్టు చురుక్కుమంది. చలిదేశం కదా, నా వేళ్ళే తిమ్మిరెక్కేయి కాబోలు అనుకున్నాను! ఇంతలో కాలిన ప్లాస్టిక్కు వాసన వచ్చింది. అప్పటికి బుద్ధి వచ్చి, గోడ స్విచ్చి ఆపి ఊడబెరికేను.

మర్నాడు శిష్యుడు వచ్చేడు. కథంతా విని నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఛార్జరు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురులో తిప్పితిప్పి చూసేడు.

"మాస్టారూ, తాళపత్రాల పాఠం మాకు మీరే చెప్పేరు. కవి రాసిన పద్యమేదో, ఎవరో మధ్యలో చొప్పించిన పద్యమేదో ఎలా తెలుస్తుందన్నారు?"

"భాష చూడాలి, ఛందస్సు చూడాలి, లేఖకుడి తప్పులు చూడాలి, ఇతర ప్రతులతో పోల్చాలి" అన్నాను అలవాటు కొద్దీ.

"వేమన మకుటం ఉన్నంతమాత్రాన?"

"వేమనది కానక్కర్లేదు. ఆ మకుటం తగిలించి ఎంతమంది ఎన్ని పద్యాలు కలిపేరో!"

"మరి దీనిమీద మకుటమొక్కటే చూసి ఎందుకు కొన్నారండీ?"

నాకు జవాబు లేదు. పైన పటారం, లోన లొటారం అని పిల్లలకు నేను చెప్పే సామెతే నా చేతిలో ఉంది.

అప్పుడు అతను గురువు, నేను శిష్యుణ్ణి. అతను చూపించినవి పాఠకులకు కూడా పనికొస్తాయని రాస్తున్నాను.

మొదట అక్షరాలు. అసలు సరుకు మీద చీమ తలంత అక్షరమైనా తేటగా ఉంటుంది. నా దానిమీద అచ్చు అలుక్కుపోయింది. ఇంగ్లీషులో 'అవుట్‌పుట్' అన్న మాటలో ఒక అక్షరమే లేదు. గోటితో గీకితే కంపెనీ పేరు సగం లేచి వచ్చింది. అక్కడ ఉండవలసినవి కొన్ని ఉన్నాయి: లోపలికి ఎన్ని వోల్టులు, బయటికి ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు, తయారు చేసినవారి పేరు, ఒక చతురస్రంలో ఇంకో చతురస్రం గుర్తు. ఆ జంట చతురస్రాలకి లోపల రెండింతల రక్షణ ఉందని అర్థం.

రెండోది అతుకులు, పిన్నులు. డబ్బా రెండు సగాలూ కలిసినచోట సందు కనబడకూడదు. పిన్నులు నిటారుగా, ఒకే కొలతలో ఉండాలి. ఊపితే లోపల ఏదీ గలగలమనకూడదు. వైరు గుచ్చితే బిగువుగా పట్టాలి.

మూడోది బరువు. అసలుదాన్నీ దీన్నీ చెరో చేతిలో పెట్టేడు. నాది పేలప్పచ్చిలా తేలిపోయింది. బరువొక్కటే రుజువు కాదు గాని, మరీ తేలికయితే లోపల ఉండవలసినదేదో లేదన్నమాటే.

నాలుగోది అన్నిటికంటె ముఖ్యం. మన దేశంలో ఎలక్ట్రానిక్ సామాన్లకు నిర్బంధ నమోదు ఉండాలని 2012లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. ఛార్జర్లు దానికిందికే వస్తాయి. కాబట్టి డబ్బామీద ఐ.ఎస్. అని మొదలయ్యే ప్రమాణం సంఖ్య ఉండాలి. చాలావాటిమీద అది 13252. దాని దగ్గరే ఇంగ్లీషు 'ఆర్' అక్షరం, ఒక గీత, ఆ తరవాత ఎనిమిది అంకెలు ఉండాలి. నా ఛార్జరుకు అవీ ఉన్నాయి!

"ఉన్నాయి కదోయ్!" అన్నాను ఆశగా.

"ఉంటే సరా? ఇతర ప్రతులతో పోల్చాలి కదా" అని, భారతీయ ప్రమాణాల సంస్థవారి 'బీఐఎస్ కేర్' యాప్ తెరిచి ఆ అంకెలు కొట్టేడు. నమోదు సంఖ్య నిజమయినదయితే ఏ తయారీదారుది, ఏ వస్తువుకు, ఏ బ్రాండుకు ఇచ్చిందీ అందులో కనిపిస్తుంది. నా అంకెలకు ఏ వివరమూ రాలేదు. సంఖ్య ఎవరయినా అచ్చు వేసుకోవచ్చు, చిట్టాలో పేరు మాత్రం ఎక్కించలేరు.

"ఇంత తిప్పలెందుకోయ్, 120 రూపాయల వస్తువుకి?" అన్నాను చిన్నతనం కప్పిపుచ్చుకోడానికి.

శిష్యుడు కాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పేడు. రెండేళ్ళ కిందట వానాకాలంలో ఒక రాత్రి వాళ్ళ గూడెంలో ఒక అమ్మాయికి నొప్పులొచ్చేయి. గూడేనికి బండి దారి లేదు. డోలీ కట్టి మోసుకుని రోడ్డుదాకా దింపాలి. 108 బండి రోడ్డు మీదికి రావాలంటే ముందు ఫోను చెయ్యాలి. సిగ్నలు అందేది గూడెం పైనున్న ఒక బండమీద. ఆ ఇంట్లో ఫోను ఉంది గాని, సాయంత్రమే సంత ఛార్జరు పేలి ఫోనును కూడా తీసుకుపోయింది. పక్కింటి ఫోను ఛార్జి లేక చచ్చి ఉంది. చీకట్లో ఇంకో గూడెం దాకా పరిగెత్తి ఫోను తెచ్చేసరికి గంటన్నర దాటింది.

"తల్లీ బిడ్డా దక్కేరు, మాస్టారూ. కాని ఆ గంటన్నర నాకు ఇప్పటికీ గుర్తే."

ఆ మాటతో నా చేతిలోని తెల్లడబ్బా బరువెక్కింది.

గూడేనికి నడుస్తూ దాని మర్మం అడిగేను. అతను సైన్సు కూడా చెబుతాడు. గోడలో వచ్చే కరెంటు 230 వోల్టులు. ఫోనుకు కావలసింది, మామూలు ఛార్జరయితే, 5 వోల్టులు. ఛార్జరు లోపల ఈ రెంటినీ కలవనివ్వకుండా విడదియ్యాలి. మంచిదాంట్లో రెండు పక్కల మధ్యా కొన్ని మిల్లీమీటర్ల ఎడం వదులుతారు, ట్రాన్స్‌ఫార్మరు చుట్లకు పొరలు పొరలుగా తొడుగు వేస్తారు, వేడెక్కితే ఆపే ఏర్పాటు పెడతారు. దొంగసరుకులో మిగిలించేది సరిగ్గా అక్కడే. ఎడం వెంట్రుకవాసికి తగ్గుతుంది, పొరలు ఎగిరిపోతాయి. నన్ను చీమలా కుట్టింది ఆ పక్కనుంచి ఈ పక్కకు కారిన కరెంటే. తెర గెంతులు వేసినది కూడా ఈ ఛార్జరు చలవే.

ఇది మన కొండలకే పట్టిన పీడ కాదు. యాపిల్ పేరుతో వచ్చిన 400 నకిలీ ఛార్జర్లను యూఎల్ అనే అమెరికా పరీక్షా సంస్థ పరీక్షించి 2016లో ఫలితాలు చెప్పింది. భద్రత పరీక్షల్లో మూడు తప్ప అన్నీ తప్పేయి. 12 అయితే మనిషి ప్రాణం తీసేంత నాసి. అంతకుముందు 2013లో, నకిలీ ఛార్జర్ల ప్రమాదాల గోల లేచినప్పుడు, ఆ కంపెనీయే పాతవి ఇచ్చి తక్కువ ధరకు అసలువి తీసుకోమని ఏర్పాటు చేసింది.

దారిలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీతోటలు. పళ్ళు ఎర్రగా పండి ఉన్నాయి. చెట్లమీదికి మిరియాల తీగలు. ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే అరకు పేరు ఇంకొకరు దొంగిలించకుండా చట్టం కాపలా అన్నమాట. తమ సరుకు పేరుకు కాపలా దొరికిన మనుషులకే, ఎవరి పేరో దొంగిలించిన సరుకు అంటగడుతున్నారు!

గూడెంలో ఒక ముసలమ్మ అరుగుమీద పసుపు కొమ్ములు ఏరుతోంది. ఒక కొమ్ము తీసి పుటుక్కున విరిచింది, చప్పుడు వింది, లోపలి రంగు చూసింది, వాసన పట్టింది, పక్కకు విసిరేసింది. నాకు తేడా ఏమీ కనబడలేదు. "లోపల ఉడకలేదు, బాబూ" అందని శిష్యుడు ఆమె మాట తెలుగు చేసేడు. అంతటి పరీక్షకురాలి ఇంట్లో గోడకు వేలాడుతున్న ఛార్జరు చూద్దును కదా, అదే తెల్లడబ్బా, అదే తప్పు అక్షరం!

ఆవిడ పరీక్షకేం కొదవ? తనకు తెలిసిన సరుకును ఆవిడ మోసం చెయ్యనివ్వదు. తెలియని సరుకు తెచ్చి చేతిలో పెట్టేరు, అంతే. సావుకార్లు దొంగ కుంచాలతో కొలుచుకుపోయిన రోజులు ఈ కొండలకు తెలుసు. ఆ బాధ తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. అడవి సరుకు చెప్పిన ధరకు కొనడం, ఉప్పూ పప్పూ డిపోల్లో సరయిన తూకానికి అమ్మడం దాని పని. దొంగ కుంచాన్ని పట్టుకోడానికి ఇంకో కుంచం చాలు. దొంగ ఛార్జరును పట్టుకోడానికి చదువు కావాలి.

ఆ చదువు నా శిష్యుడు బళ్ళో చెబుతున్నాడు. కాలిపోయిన ఛార్జర్లు ఒక డబ్బాలో దాచేడు. అయిదో తరగతి పిల్లలు వాటిని వరసగా పెట్టి, తప్పు అక్షరాలు వెతుకుతారు. ఇంగ్లీషు పాఠమూ అదే, సైన్సు పాఠమూ అదే. సంతకు వెళ్ళే పెద్దల వెంట ఒక పిల్లవాడు వెళతాడు. సంఖ్య కాగితం మీద రాసుకుని, బండెక్కి సిగ్నలు అందాక చూసి, నిజమైతేనే మరో సంతలో కొనమంటాడు. రసీదు ఇవ్వని చోట ఇలాంటివి కొనవద్దంటాడు. మోసపోతే 1915 నంబరుకు ఫోను చేసి వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫిర్యాదు చెయ్యవచ్చని గోడమీద పెద్దక్షరాలతో రాసి ఉంది.

"సంతలో ఆ కుర్రవాణ్ణి పట్టుకుని అడుగుదామా?" అన్నాను.

"అడిగేనండీ. వాడింట్లోనూ అదే ఛార్జరు" అన్నాడు.

వెళ్ళేముందు ముసలమ్మ గోడనున్నది నా ఎదుటే ఊడదీయించి, శిష్యుడి చేత పట్నంనుంచి రసీదుతో వచ్చిన మంచిది పెట్టించేను. దానికి డబ్బు తీసుకోనన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. ఒక చేటెడు పసుపు కొమ్ములు నా సంచీలో పోసింది. ఒక్కొక్కటీ విరిచి, విని, వాసన చూసి మరీ పోసింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఆ పసుపు చూసి, "ఈసారి బేరం బాగానే చేసేరే!" అంది. నేను ఛార్జరు సంగతి అప్పటికింకా చెప్పలేదు.