మచ్చకు మూలం

వర్ణచిత్రాల ఫిల్మును ఇంట్లో కడగడం ఓర్పుకు పరీక్ష. 1972లో వెలువడిన సి-41 పద్ధతిలో డెవలపరు ఉష్ణోగ్రత సుమారు 38 డిగ్రీల సెల్సియస్. వ్యవధి 3 నిమిషాల 15 సెకన్లు.

ఒక యువకుడు తన నాయనమ్మ చివరి ఛాయాచిత్రాలున్న ఫిల్మును అలాగే కడిగి ఆరవేశాడు. ఆమె ముఖంపై గుండ్రని మచ్చలు కనిపించాయి. రసాయనం చెడిపోయిందని మొదట తలపోశాడు. తరువాత ఫిల్మును వెలుగులో వాల్చి పరికించాడు. మచ్చలు మెరిసే వెనుకవైపునే ఉన్నాయి. అవి బోరునీటి లవణాలు మిగిల్చిన గుర్తులు. స్వేదనజలంతో మళ్లీ కడిగి, స్టెబిలైజరులో ముంచి ఆరవేయగా తొలగిపోయాయి.

గాలిబుడగలు అంటిన చోట డెవలపరు తగలక ఏర్పడే మచ్చలైతే ఎన్నటికీ పోవు. అందుకే డెవలపరు పోయగానే ట్యాంకును తట్టాలి.

దోషం కనబడగానే నిందించడం తేలిక. కారణం వెదికినందువల్లనే అతనికి నాయనమ్మ ముఖం మిగిలింది.