అబ్బా గాలి గేజీ

నలుగురిలో ఒకడి పరువు తీస్తే తెలుగులో 'గాలి తీసేశాడు' అంటారు. మా అబ్బాకు ఆ మాట అక్షరాలా జరిగింది. సౌదీ ఎడారిలో, ఒక ముసలి బద్దూ చేతిలో.

అబ్బా జగిత్యాలలో లారీ డ్రైవరు. వడ్లు, టేకు దుంగలు, బీడీ ఆకు మోసిన మనిషి. బండి ఎక్కేముందు ఇనుప రాడ్డుతో ఒక్కో చక్రాన్నీ కొట్టి వినేవాడు. ఠంగుమంటే సరే. దబ్బుమంటే బండి కదిలేది కాదు. టైరు రాయిలా ఉంటేనే డ్రైవరుకు ఇజ్జత్ అని ఆయన నమ్మకం. 1984లో అమ్మీ మెడలోని లచ్ఛా కుదువబెట్టి, ఏజెంటుకు పైసలు కట్టి సౌదీ వెళ్ళాడు. నాకప్పుడు నాలుగేళ్ళు. రోడ్లు వేసే క్యాంపులకు నీళ్ళ ట్యాంకరు తోలే పని దొరికింది, రుబ్ అల్ ఖాలీ అంచున. 'రుబ్' అంటే నాలుగో వంతు. 'ఖాలీ' అంటే మనం రోజూ అనే ఖాళీయే. సౌదీ, ఒమన్, యెమెన్, ఎమిరేట్స్, నాలుగు దేశాల్లో కలిపి దాదాపు ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్ల ఇసుక.

మా ఇంట్లో అప్పుడు ఫోను లేదు. అబ్బాకు చదవడం వచ్చుగానీ ఉత్తరం రాయడం అంతగా రాదు. క్యాసెట్లో మాట్లాడి, సెలవు మీద వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాడు. అమ్మీకి ఒక పక్క, నాకొక పక్క. నా పక్కన ఒకసారి మాటలకు ముందు చాలాసేపు 'స్‌స్‌స్' అని చప్పుడు వచ్చింది. పాము బుస అనుకొని భయపడ్డాను. తర్వాత అబ్బా గొంతు: "సునా బేటా? టైర్ కీ హవా హై." టైరు పక్కన టేప్‌రికార్డర్ పెట్టి గాలి తీశాడు, కొడుకు వినాలని.

ఆ క్యాసెట్లో చెప్పిన కథ ఇది. కొత్తలో ఒక మధ్యాహ్నం నిండు ట్యాంకరుతో మెత్తటి ఇసుకలోకి దిగాడు. ముందు చక్రాలు కుంగాయి. మన ఊరి బురదలో చేసినట్టే యాక్సిలేటర్ తొక్కాడు. చక్రం తిరిగినకొద్దీ తన గొయ్యి తానే తవ్వుకుంది. బండి ఇరుసు దాకా కూర్చుంది. పక్కన క్లీనరు, కోరుట్ల వైపు నుంచి వచ్చిన పద్మశాలి ఆయన. నేను కాకా అంటాను. ఇద్దరూ పార పట్టుకొని రెండు గంటలు తోడారు. తోడిన ఇసుక తోడినట్టే జారి వచ్చింది.

అప్పుడు పికప్‌లో ఒక ముసలి బద్దూ వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, కూర్చొని, పుల్లతో టైరు వాల్వు నొక్కాడు. అబ్బాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "భాయ్, గీ ముసలోడు మనల్ని ముంచుతుండు" అన్నాడట కాకా. అబ్బా అడ్డం పడబోతే ముసలాయన నవ్వి "హవా, హవా" అన్నాడు. అరబ్బీలో మా అబ్బాకు ఎవరూ చెప్పకుండానే అర్థమైన మొదటి మాట అదే. మనకూ ఆ మాటే ఉంది. ఎన్నికలొస్తే మా పత్రికల నిండా 'హవా'లే.

ఒక్కో చక్రం దగ్గరా సగానికి సగం గాలి వదిలారు. చక్రాల ముందూ వెనకా ఇసుక తోడి, వచ్చిన జాడ మీదే మెల్లగా వెనక్కి తీయమన్నాడు ముసలాయన. బండి లేచింది. ఏనుగు మోకాళ్ళ మీంచి లేచినట్టు లేచిందన్నాడు అబ్బా.

ఇందులో మాయేమీ లేదని చాలా ఏళ్ళకు తెలిసింది. నేను బి.ఏ. చదివినవాణ్ణి, ఫిజిక్సు నాకు అబ్బా నోటి నుంచే వచ్చింది. బండి బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. గాలి సగం చేస్తే, అదే బరువును మోయడానికి టైరు దాదాపు రెట్టింపు నేలను ఆనుకోవాలి. వెడల్పు కంటే పొడుగ్గా పరుచుకుంటుంది. బరువు ఎక్కువ చోటుకు పంచుకుంటుంది కనుక ఇసుక కుంగదు. బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1920ల చివర ఈజిప్టు ఎడారిలో ఫోర్డు కార్లు తోలినప్పుడు ఇదే పాటించాడు. 1941లో ఇసుక కదలిక మీద పెద్ద శాస్త్రగ్రంథం రాశాడు. 1942లో అమెరికావాళ్ళు తయారుచేసిన 'డక్' అనే నీటా నేలా నడిచే లారీలో, డ్రైవరు సీట్లోంచే గాలి పెంచి తగ్గించే ఏర్పాటు వచ్చింది. అబ్బాకు అవేవీ తెలియవు. ఆయనకు తెలిసింది ఒక ముసలాయన, ఒక పుల్ల.

తర్వాత తానే ఉస్తాదయ్యాడు. రోడ్డు మీద నూరు పౌండ్లుండే గాలిని ఇసుక అంచున యాభైకి దించేవాడు. మరీ మెత్తనైతే, కంపెనీ అనుమతించిన హద్దు దాకా ఇంకాస్త. దించాక ఎడాపెడా స్టీరింగు తిప్పకూడదు, టైరు రిమ్ము వదిలేస్తుంది. గట్టిగా బ్రేకు వేయకూడదు, చక్రం ముందు ఇసుక కట్టలా పోగవుతుంది. ఆగాలంటే బండిని దానంతటదే ఆగనివ్వాలి, అదీ దిగుడు మీద. వెనక జంట టైర్లయితే మరీ కష్టం, అందుకే ఎడారి బండ్లకు వెడల్పాటి ఒంటి టైర్లు వేస్తారు. "రేత్ కే సాత్ జోర్ నక్కో కర్ బేటా" అనేవాడు. ఇసుకతో బలాబలాలు వద్దు బిడ్డా అని.

ఆ ట్యాంకరులో మా అబ్బా, కాకా ఆరేళ్ళు కలిసి తిరిగారు. ఒకే గిన్నెలో వండుకున్నారు. ఇద్దరి పాస్‌పోర్టులూ కఫీల్ బీరువాలోనే ఉండేవి. కఫీల్ ఇద్దర్నీ పిలిచేది ఒకే పేరుతో, 'హిందీ' అని. అంటే హిందుస్తానీ. నమాజు చేస్తాడని అబ్బాకు జీతం ఎక్కువివ్వలేదు, చేయడని కాకాకు తగ్గించలేదు. రాత్రిళ్ళు ఇద్దరూ తెలుగులోనే కొట్లాడుకునేవాళ్ళు. మక్కా ఉన్న దేశంలో మా అబ్బా హిందీ. జగిత్యాలలో మాత్రం ఆయన 'సౌదీ సాయిబు'.

1992 డిసెంబరు 6 నాటికి నేను పన్నెండేళ్ళవాణ్ణి. ఆ వారం బడికి పోలేదు. అబ్బా 1994లో మూటాముల్లె సర్దుకొని వచ్చేశాడు. వచ్చిన నెలలోనే ఇద్దరం కరీంనగర్ బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చోబెట్టి చెవిలో చెప్పాడు: "బస్సులో అబ్బా అనకు. నాన్నా అను."

నాన్న అనే మాట నాకు ఇష్టమే. నా తెలుగు నిండా ఉన్న మాట. కానీ ఆ రోజు నా నోట్లో అది రాయిలా తిరిగింది. ఆ తర్వాత చూస్తూ వచ్చాను. హోటల్లో రాజకీయాలు మొదలైతే అబ్బా చాయ్ సగంలో వదిలేసి లేచేవాడు. ఎవరైనా సౌదీ సొమ్మంటూ వెకిలి మాటంటే ముందు తానే నవ్వేవాడు. టైర్లు ఠంగుమనకపోతే బండెక్కని మనిషి, సొంత ఊళ్ళో సగం గాలితో తిరుగుతున్నాడు.

1995లో ధర్మపురి రోడ్డు మీద పంక్చర్ దుకాణం పెట్టాడు. ఇప్పుడు ఫేస్‌బుక్కులో మమ్మల్ని తిట్టడానికి 'పంక్చర్‌గాళ్ళు' అని వాడుతున్నారు. అది చదివినప్పుడల్లా నాకు ఆ కంప్రెసర్ చప్పుడు, సొల్యూషన్ వాసన, గోడకు వేలాడే ఇత్తడి గాలి గేజీ గుర్తొస్తాయి. ఆ దుకాణమే నన్ను డిగ్రీ చదివించింది.

గోదావరి ఇసుక లారీలు ఆ దారినే వచ్చేవి. కొందరు డ్రైవర్లు ఏట్లో గాలి తగ్గించి, అలాగే తారు మీద ఉరికేవాళ్ళు. అబ్బా వాళ్ళను ఆపి మరీ తిట్టేవాడు: "ఇసుక దాటినవ్ గదా, గాలి నింపుకో! తారు మీద మెత్త టైరు ఉడికిపోతది." అది నిజం. గాలి తక్కువైన టైరు గట్టి రోడ్డు మీద తిరిగే ప్రతి చుట్టుకూ గోడలు మడతపడి లేస్తాయి. లోపల వేడి పుడుతుంది. జంట టైర్లు ఒకదానికొకటి రాసుకుంటాయి. బయటికి ఏమీ కనబడదు. కొన్ని మైళ్ళు పోయాక పేలుతుంది. అందుకే సౌదీలో ఇసుక దాటగానే, బ్రేకులకు గాలి పంపే కంప్రెసర్‌కే గొట్టం తగిలించి, ఎంత ఎండైనా నిలబడి, అన్ని చక్రాలూ నింపాకే కదిలేవాడు. గాలి తగ్గించడం అందరూ నేర్చుకుంటారు, నింపేవాడే డ్రైవరు అనేవాడు.

2000లో, డిగ్రీ చివరి ఏడాదిలో, ఆ మాటే పట్టుకొని అడిగాను. "నువ్వు ఇసుక దాటి ఆరేళ్ళయింది. మరి నువ్వు నింపుకున్నావా అబ్బా?"

చేతిలోని ట్యూబును నీళ్ళ తొట్టిలో తిప్పుతూ, బుడగల కోసం చూస్తూ అన్నాడు: "రోడ్ ఆగయా బోల్‌కే కౌన్ బోలా తేరేకు?"

రోడ్డు వచ్చిందని నీకెవరు చెప్పారు అని. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత నేనూ అదే పని చేశాను. పత్రికలో చేరాక మొదటి మూడేళ్ళు పేరులో సగం కొట్టేసి ఇనీషియల్స్‌తో రాశాను. 'మీవాళ్ళలో ఇంత మంచి తెలుగు అరుదు' అంటే థాంక్స్ చెప్పాను. రంజాన్ నెల రాగానే హలీం మీద వ్యాసం నాకే వచ్చేది, నవ్వుతూ రాశాను. ప్రతిసారీ కొంచెం కొంచెంగా 'స్‌స్‌స్'. లోపలి వేడి ఎవరికీ కనబడలేదు.

2011లో అబ్బా పోయాడు. జనాజాకు కాకా వచ్చాడు. కబ్రస్తాన్ నుంచి తిరిగొచ్చి, దుకాణం అరుగు మీద కూర్చొని చాలాసేపటికి అన్నాడు: "ఇద్దరం ఒక్క బండిల పోయినం బిడ్డా. ఒక్క ఇసుకల కూసున్నం. వాపసొచ్చినంక నాకు రోడ్డే దొరికింది. భాయ్‌కి మాత్రం ఈడ గూడ ఇసుకే అయింది. నేను గాలి తగ్గించాలని నాకెవ్వడు చెప్పలే."

నా లౌకికవాద మిత్రులు చాలామంది మంచివాళ్ళు. రోజులు బాగాలేవు, కాస్త తగ్గి ఉండండి అంటారు. ప్రేమతోనే అంటారు. వాళ్ళకు కాకా మాటే చెబుతుంటాను. తగ్గడం మాకు మీకంటే బాగా వచ్చు. గుంతలో పడ్డప్పుడు తగ్గినవాడు తెలివైనవాడే, మా అబ్బా పిరికివాడు కాదు. కానీ పుట్టిన ఊరు ఏళ్ళ తరబడి ఇసుకలాగే ఉంటే, ఆ తప్పు టైరుది కాదు కదా? రోడ్డు వేయాల్సినవాళ్ళతో ఎప్పుడు మాట్లాడతారు?

ఇత్తడి గేజీ ఇప్పుడు నా రాతబల్ల మీద ఉంది. ముల్లు సరిగా పనిచేయదు.

మొన్న కరీంనగర్ బస్సులో మా పాప వెనక సీట్లోంచి "అబ్బా!" అని గట్టిగా పిలిచింది. రెండు మూడు తలలు తిరిగాయి. నా గుండె ఒకసారి దబ్బుమంది.

"క్యా బేటా?" అన్నాను, అంతే గట్టిగా.